గేటు దాకానే కదా

మా ఊరికి బస్సు ఏ రోజు ఆగిపోయిందని అడిగితే ఇప్పటికీ ఎవరూ ఖచ్చితంగా చెప్పలేరు. వైశాఖంలోనే పోయిందని ఒకరంటారు. కాదు, కాలేజీలు తెరిచిన వారం దాకా వచ్చిందని ఇంకొకరంటారు. బావిలో నీళ్లు దిగినట్టు దిగిపోయింది. ముందు నైట్ హాల్టు, అంటే రాత్రి ఊళ్లోనే ఆగి తెల్లవారుజామున కదిలే బస్సు పోయింది, పూలవాళ్లు తప్ప ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. తర్వాత మధ్యాహ్నం ట్రిప్పు పోయింది. ఆ వేళకు ఊళ్లో ఉండేది ముసలివాళ్లే కాబట్టి వాళ్లు గొణుక్కున్నారు, మేము విన్నాము, అంతే. పొద్దున 7.10 బస్సు ఊళ్లోకి రావడం మానేసి గేటు దగ్గరే వెనక్కి తిరగడం మొదలుపెట్టాక గానీ మాకు తెలివి రాలేదు.

గేటంటే అక్కడ గేటేమీ ఉండదు. బెంగళూరు చుట్టుపక్కల పెద్ద రోడ్డు నుంచి ఊరి రోడ్డు చీలే చోటును అలా అంటారు. మా గేటుకూ ఊరికీ మధ్య రెండున్నర కిలోమీటర్లు. ఒక పక్క నీలగిరి తోపు, ఇంకో పక్క కొత్త లేఅవుట్ల ప్రహరీ గోడలు. పగలు నడిస్తే అరగంట. చీకటి పడ్డాక కుక్కల దయ.

నేను కుప్పం వైపు నుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చి ఇరవై నాలుగేళ్లయింది. ఆనేకల్ తాలూకాలో సర్జాపురానికి దగ్గరి ఊరు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, హోసూరు వైపు సంతకు వెళ్తే తమిళం. ఇక్కడ ఇలాంటి ఊళ్లు చాలా ఉన్నాయి. మా ఊరి పేరు రాయడం లేదు. రాస్తే మా రూట్లో పనిచేసే కండక్టర్లు ఎవరో తెలిసిపోతుంది. వాళ్ల మీద నాకు కోపమేమీ లేదు.

కన్నడ అక్షరాలు నేను నేర్చుకున్నది కూడా ఈ బస్సు బోర్డుల మీదే. తెలుగు చదవడం వచ్చినవాళ్లకు కన్నడం సగం వచ్చినట్టే. తలకట్టు కాస్త వేరుగా ఉంటుంది, కొన్ని అక్షరాల దగ్గర తడబడతాం. కాపురానికి వచ్చిన కొత్తలో బస్సు వచ్చేదాకా నిలబడి, వచ్చిన ప్రతి బస్సు బోర్డునూ కూడబలుక్కునేదాన్ని. ఆ చదువు ఇన్నేళ్ల తర్వాత అర్జీలు రాయడానికి పనికొస్తుందని అప్పుడు తెలియదు.

దొమ్మసంద్ర దగ్గర ఒక హార్డ్‌వేర్ దుకాణంలో లెక్కలు రాస్తాను. 7.10 బస్సు నాది. అందులో నాతోపాటు సర్జాపురం కాలేజీ పిల్లలు, గార్మెంట్స్‌కు వెళ్లే ఆడవాళ్లు, ఆసుపత్రికి వెళ్లేవాళ్లు ఒకరిద్దరు ఉంటారు. నైట్ హాల్టు బస్సు వేరే లోకం. రాత్రి తొమ్మిదిన్నరకు వచ్చి రావిచెట్టు కట్ట దగ్గర ఆగేది, డ్రైవరూ కండక్టరూ గుడి పక్క గదిలో పడుకునేవారు, తెల్లవారుజామున 4.50కి చామంతి మూటలతో మార్కెట్‌కు కదిలేది. మార్కెట్ అంటే బెంగళూరు కె.ఆర్. మార్కెట్. పూలకు పొద్దెక్కితే ధర ఉండదు. ఆ బస్సు పోయాక పూలవాళ్లు నలుగురైదుగురు కలిసి టాటా ఏస్ బండి మాట్లాడుకుంటున్నారు. తలకు ఎనభై రూపాయలు పడుతోంది.

7.10 బస్సు గేటు దగ్గరే తిరిగిపోయిన మూడో రోజు కండక్టరును అడిగాను. "నా చేతిలో ఏముందక్కా, ఫారం-4 మార్చారు" అన్నాడు. ఆ మాట నాకు కొత్త. దిగేలోపు అతనే చెప్పాడు. ఒక బండి రోజంతా తిరిగే తిరుగుడును షెడ్యూలు అంటారట. ఎన్నింటికి ఎక్కడ బయలుదేరాలి, ఎక్కడ ఎన్ని నిమిషాలు ఆగాలి, మొత్తం ఎన్ని కిలోమీటర్లు, ఇవన్నీ ఉండే కాగితమే ఫారం-4. అందులో మా ఊరి పేరు ఉంటే బస్సు వస్తుంది, లేకపోతే డ్రైవరు దేవుడైనా రాడు.

ఊళ్లో రచ్చబండ దగ్గర అప్పటికే తీర్పు అయిపోయింది. ఆడవాళ్లకు ఉచితం చేశాకే బస్సు పోయిందట. కర్ణాటకలో శక్తి పథకం 2023 జూన్ 11న మొదలైంది. 2025 జనవరి 5 నుంచి బస్సు ఛార్జీలు 15 శాతం పెరిగాయి. ఆ పెంపు మగవాళ్ల జేబుకే తగిలింది కాబట్టి వాళ్లకు ఆ కోపం ముందునుంచీ ఉంది. "మీరు ఫ్రీగా తిరిగారు, వాడు బస్సు ఎత్తేశాడు" అని మా మరిది మా ఇంటి అరుగు మీద కూర్చుని, నేను పోసిన కాఫీ తాగుతూ నాకే చెప్పాడు. ఈ వ్యవహారంలోకి నేను దిగడానికి ఆ కాఫీ కూడా ఒక కారణం.

మొదట అందరూ చేసేదే చేశాం. 212 సంతకాలతో అర్జీ. వాటిలో కొన్ని వేలిముద్రలు, రెండు మాత్రం కిందటేడు పోయినవాళ్ల పేర్లు. ఎవరి ఉత్సాహమో తెలియదు, చూసి కొట్టేశాను. పంచాయతీలో తీర్మానం రాయించాం. తాలూకా పంచాయతీ సభ్యుణ్ని పట్టుకుందామంటే అసలు సభ్యుడే లేడు. ఇక్కడ తాలూకా, జిల్లా పంచాయతీల గడువు 2021లో ముగిసింది, అప్పటికి ఇంకా ఎన్నికలే జరగలేదు. ఒక పెద్ద మనిషి ద్వారా ఎమ్మెల్యే ఉత్తరం కూడా సంపాదించాం. "పరిశీలించి తగిన చర్య తీసుకోవలసిందిగా" అని ఉంది. అలాంటి ఉత్తరాలు డిపోలో ఒక ఫైలు నిండా ఉన్నాయని తర్వాత చూశాను.

డిపో మేనేజరు మర్యాదస్తుడే. కూర్చోమన్నాడు, టీ తెప్పించాడు. ఆయన చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదని ఇప్పటికీ అనుకుంటాను. 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలకు రిజిస్ట్రేషన్ ఉండదు, తుక్కుకు వెళ్లాల్సిందే. మా ఊరికి వచ్చే పాత బండ్లు అలాగే పోయాయి. వాటి చోట వస్తున్నవి ఎలక్ట్రిక్ బస్సులు. అవి చాలావరకు ప్రైవేటు కంపెనీలవి. డ్రైవరు వాళ్ల మనిషి, కండక్టరు ప్రభుత్వ బస్సు సంస్థ మనిషి, కిలోమీటరుకు ఇంతని సంస్థ వాళ్లకు చెల్లిస్తుంది. రాత్రి డిపోలో ఛార్జింగ్ పెట్టాలి.

"మీ గుడి దగ్గర పడుకోబెడితే పొద్దున ఎలా కదులుతుందమ్మా?" అన్నాడు.

నైట్ హాల్టు ఎందుకు పోయిందో అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్లూ డ్రైవర్లకు మా ఊళ్లో దోమలు ఎక్కువని పోయిందనుకున్నాం.

"మరి 7.10 బస్సు?" అన్నాను.

ఆయన కంప్యూటర్ వైపు తిరిగి చూసి చెప్పాడు. "మీ ఊరి నుంచి సగటున పదకొండు మంది. పదకొండు మంది కోసం రానూపోనూ ఐదు కిలోమీటర్లు, పదిహేను నిమిషాలు. మేము వ్యాపార సూత్రాల మీద నడవాలని చట్టమే చెబుతోంది."

పదకొండు! నాకు సీటు దొరికిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ మాటే అన్నాను. "మెషీన్ అబద్ధం చెప్పదు కదా మేడమ్" అన్నాడు. అమ్మ నుంచి మేడమ్‌కు మారాడంటే లేవమని అర్థం. లేచాను.

ఈలోపు ఊరి కుర్రాళ్లు రస్తారోకో అన్నారు. నేను వద్దన్నాను, నా మాట ఎవరు వింటారు? ఒక సోమవారం పొద్దున గేటు దగ్గర గంటసేపు కూర్చున్నారు. ఆగిన బస్సులో ఉన్నది మా పక్క ఊళ్ల ఆడవాళ్లే. గార్మెంట్స్‌లో పది నిమిషాలు ఆలస్యమైతే పూట జీతం కోస్తారు. వాళ్లు కిటికీల్లోంచి మా పిల్లల్ని తిట్టిన తిట్లు నేను చెవులారా విన్నాను. పోలీసులు వచ్చి ఐదుగురి పేర్లు రాసుకున్నారు, వాటిలో మా అబ్బాయిది ఒకటి. వాణ్ని విడిపించుకురావడానికి మా ఆయన ఒక రోజు, నేను ఒక రోజు సెలవు పెట్టాం. బస్సు మాత్రం రాలేదు.

సమాచార హక్కు దరఖాస్తు పెడదామన్నది మా అమ్మాయి. దుకాణంలో మా యజమాని ఒకసారి పెట్టి ఉన్నాడు, పద్ధతి ఆయన చెప్పాడు. పది రూపాయల పోస్టల్ ఆర్డర్ తగిలించాలి, ముప్పై రోజుల్లో జవాబు రావాలి. ఆ ముప్పై రోజుల గడువు దేశమంతా ఒకటే. కర్ణాటకలో ఇంకో మెలిక ఉంది. దరఖాస్తు ఒకే విషయం గురించి ఉండాలి, మామూలుగా 150 మాటలు దాటకూడదు. నూట యాభై మాటల్లో మా ఊరి కష్టం చెప్పడమా! నేను మొదట రాసినదాంట్లో ఉపోద్ఘాతమే అంత ఉంది. అమ్మాయి దాన్ని చదివి, "కష్టం వద్దమ్మా, కాగితాలు అడుగు" అని అడ్డంగా కొట్టేసింది. చివరికి మూడు అడిగాం. మార్పుకు ముందూ తర్వాతా ఉన్న ఫారం-4 నకళ్లు. మా ఊరి నుంచి ట్రిప్పులవారీగా మూడు నెలల టికెట్ల లెక్క, శక్తి కింద ఆడవాళ్లకు డబ్బు తీసుకోకుండా కొట్టే సున్నా టికెట్లతో సహా. మార్పు చేయమని రాసిన నోటు నకలు. మొత్తం 118 మాటలు. కన్నడంలో నేనే రాశాను, అమ్మాయి దిద్దింది.

ఇరవై ఆరో రోజున ఉత్తరం వచ్చింది. 46 పేజీలు, పేజీకి రెండు రూపాయల చొప్పున 92 రూపాయలు కట్టి తీసుకెళ్లమని. దుకాణం లెక్కల్లో ఇరవై రూపాయలు తేలకపోతే రాత్రంతా కూర్చునే రకాన్ని నేను. ఆ 46 పేజీలు నాకు పండగే. మూడు రాత్రులు అవే చదివాను.

మొదట కనబడింది, లెక్క ఏప్రిల్, మే నెలల మీద ఎక్కువగా ఆధారపడిందని. కాలేజీలకు సెలవులు. పిల్లలు లేని బస్సును లెక్కపెట్టి పిల్లలున్న బస్సును తీసేశారు. రెండోది, విద్యార్థుల పాసులు ఆ లెక్కలో కనబడవు. పాసు చూపించినవాడికి కండక్టరు టికెట్ కొట్టడు. టికెట్ లేకపోతే మెషీన్ దృష్టిలో మనిషే లేడు. ఆడపిల్లలు శక్తి కింద వెళ్తారు గానీ మగపిల్లలందరూ పాసుల మీదే తిరుగుతారు.

ఇవి రెండూ కలిపినా లెక్క సరిపోలేదు. ఇంకా పది, పదిహేను మంది ఎక్కడో మాయమవుతున్నారు. జూన్ మొదటి వారం లెక్క కూడా పట్టీలో ఉంది. అప్పటికి బస్సు ఊళ్లోకి వస్తూనే ఉంది, నేను ఆ బస్సులోనే ఉన్నాను. ఆ వారం సోమవారం మా ఊరి నుంచి 13 టికెట్లు. ఆ రోజు నాకు బాగా గుర్తు, మెట్టు మీద నిలబడి వెళ్లాను.

పట్టీలో ఊరి నుంచి గేటు దాకా అన్న వరుస చూశాను. రోజూ సున్నా, ఒకటి, సున్నా, రెండు. అప్పుడు వెలిగింది. వెలిగాక నవ్వొచ్చింది, ఆ వెంటనే సిగ్గేసింది.

గార్మెంట్స్ ఆడవాళ్లు సర్జాపురం రారు. వాళ్ల కంపెనీ వ్యాన్లు గేటు దగ్గర ఎక్కించుకుంటాయి. ఊళ్లో బస్సెక్కి గేటు దగ్గర దిగిపోతారు. ఐదారు నిమిషాల ప్రయాణం. అంతమంది దగ్గర ఆధార్ కార్డులు చూసి సున్నా టికెట్ కొట్టేలోపు గేటు వచ్చేస్తుంది. కాబట్టి కండక్టరు, "గేటు దాకానే కదా, ఉండనీ అక్కా" అంటాడు. వీళ్లూ సంచిలోంచి కార్డు తీసే పని తప్పిందని సంతోషిస్తారు. అది అతను చేసిన మర్యాద, వీళ్లు పొందిన సుఖం. ఇరవై నాలుగేళ్లలో ఆ మాట నేనే ఎన్నిసార్లు అన్నానో. శక్తి రాకముందు ఆ కాస్త దూరానికి డబ్బులివ్వకుండా దిగిపోవడం మా ఊళ్లో ఒక తెలివి కింద లెక్క.

సున్నా టికెట్ అంటే సంస్థకు సున్నా కాదు. ఆ టికెట్ ఎంత విలువో అంతా ప్రభుత్వం సంస్థకు తిరిగి ఇవ్వాలి. ఆ కాగితం ముక్క చిరిగితేనే మేము ఎక్కినట్టు. మేము చింపనివ్వలేదు. మెషీన్ అబద్ధం చెప్పదన్న ఆయన మాట నిజమే, దానికి ఎవరూ నిజం చెప్పలేదు.

మా మరిదికి ఈ సంగతి చెప్పాను. "అంటే తప్పు ఆడవాళ్లదే అన్నమాట" అన్నాడు. ఈసారి కాఫీ ఇవ్వలేదు.

బస్సు ఊళ్లోకి రాదు కాబట్టి ఇప్పుడు ఊళ్లో ఎక్కేవాళ్లను లెక్కపెట్టలేం. గేటుకు నడిచి, బండ్ల మీద, ఆటోల్లో ఎలా వచ్చినా 6.50 నుంచి 7.25 లోపల మా ఊరి నుంచి వచ్చి గేటు దగ్గర బస్సో వ్యానో ఎక్కేవాళ్లను లెక్కపెట్టాలని నిర్ణయించాను. దుకాణానికి గంట ఆలస్యంగా వస్తానని యజమానిని అడిగితే, "రాత్రి గంట ఎక్కువ కూర్చో" అన్నాడు. అన్యాయమేమీ కాదు.

దుకాణంలో వాడే పొడవాటి ఎర్ర అట్ట పుస్తకం ఒకటి తీసుకున్నాను. పేజీకి నాలుగు గళ్లు: గార్మెంట్స్, పిల్లలు, టికెట్ కొని వెళ్లేవాళ్లు, ముసలివాళ్లూ రోగులూ. నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డం. గేటు దగ్గర టీ బంకు బల్ల మీద కూర్చునేదాన్ని. మొదటి రోజు అందరూ ఏమిటేమిటని చుట్టూ మూగారు, లెక్క తప్పింది, ఆ పేజీ కొట్టేశాను. రెండో రోజు నుంచి అలవాటు పడ్డారు. మూడో రోజుకు వాళ్లే, "అక్కా, నా గీత పెట్టావా?" అని అడిగి మరీ వెళ్లేవారు. వాన పడిన రోజు పక్కన "వాన" అని రాశాను. వినాయక చవితి మర్నాడు తొమ్మిది మందే వచ్చారు. టీ బంకాయన, "ఈ రోజు వదిలెయ్యమ్మా, మనకే నష్టం" అన్నాడు. వదల్లేదు. చిట్టాలో ఒక రోజు ఎగరగొడితే మిగతా రోజులను ఎవరు నమ్ముతారు? పన్నెండు పనిరోజుల లెక్క తేలింది. చవితి మర్నాటితో కలిపి సగటు 37.

డిపో దగ్గర పని కాదని, ఈసారి పై కార్యాలయానికి వెళ్లాం. నేను, పూలవాళ్ల తరఫున ఒక పెద్దావిడ, మా అమ్మాయి. మగవాళ్లను కావాలనే తీసుకెళ్లలేదు. అక్కడికి వెళ్లగానే గొంతు పెంచుతారు. దరఖాస్తులో అమ్మాయి ఒక ముక్క చేర్చింది. డిపోలో ఆయన చెప్పిన వ్యాపార సూత్రాల మాట 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టంలో 22వ సెక్షన్. అదే చట్టంలో దానికంటే ముందు 18వ సెక్షన్ ఉంది. సమర్థంగా, చాలినంతగా, పొదుపుగా, ఒకదానితో ఒకటి పొందికగా ఉండే రవాణాను అందించడం సంస్థ విధి అని. రెండూ పక్కపక్కన రాశాం, వ్యాఖ్యానం చేయలేదు.

అధికారి ఆ సెక్షన్లను అసలు చూడలేదు. సగం పేజీ చదివి పక్కన పెట్టి, పుస్తకం చేతిలోకి తీసుకున్నాడు. పేజీలు తిప్పాడు.

"ఈ గీతలు ఎవరు పెట్టారు?"

"నేనే సార్."

"ఈ రోజు తొమ్మిదేమిటి?"

"చవితి మర్నాడు సార్. ఎవరూ పనికి వెళ్లలేదు."

ఆయన ఆ పేజీ దగ్గర కాసేపు ఆగాడు. ఆ తొమ్మిదే మమ్మల్ని కాపాడిందని నా నమ్మకం. తర్వాత మేమిచ్చిన 46 పేజీల్లోంచి ఊరు-గేటు వరుస చూపించి సున్నా టికెట్ల సంగతి చెప్పాను. కండక్టర్ల మీదికి వస్తుందేమోనని భయపడుతూనే చెప్పాను. "ఇది మా తప్పు కూడా సార్, మేమే అడగలేదు" అన్నాను. ఆయన కాస్త నవ్వి, సంస్థ ట్రాఫిక్ ఇన్‌స్పెక్టర్‌ను పంపిస్తానన్నాడు. "రూట్ మార్పు నోటులో ఇంకో కారణం కూడా ఉందమ్మా, చదివారా?" అన్నాడు.

చదివాను. పేజీ 41. "గ్రామంలో వాహనం తిప్పడానికి స్థలం లేదని డ్రైవర్ల ఫిర్యాదు." అది చదివినప్పుడు సాకు అనుకున్నాను.

ఇన్‌స్పెక్టర్ దసరాకు ముందు వచ్చాడు. టేపు తెచ్చాడు. కొత్త బస్సు పన్నెండు మీటర్ల పొడవు. రావిచెట్టు కట్ట చుట్టూ పాత బస్సు సులభంగా తిరిగేది, ఎందుకంటే అప్పుడు కట్ట చుట్టూ ఏమీ లేదు. ఇప్పుడు ఒక వైపు మూడు కార్లు, ఒక పాడుబడిన ట్రాలీ. ఇంకో వైపు, ఎం-శాండ్ అనే రాతి ఇసుక కుప్ప, దాని పక్కన దానికంటే పెద్ద కంకర కుప్ప. ఊళ్లో గదులు కట్టి అద్దెకివ్వడం ఇప్పుడు పెద్ద వ్యాపారం. ఇన్‌స్పెక్టర్ టేపు పట్టుకుని కంకర కుప్ప ఎక్కి నిలబడి, "ఇది ఎవరిది?" అని అడిగాడు.

ఊరంతా నా వైపు చూసింది. మా మరిదిది.

ఆ తర్వాతి పదిహేను రోజులు డిపోతో పోరాటం కంటే కష్టం. "నా ఇంటి ముందు నా కంకర" అన్నాడు మరిది. ఇంటి ముందు కాదు, వీధిలో. "స్లాబు అయ్యేదాకా ఆగు వదినా" అన్నాడు. స్లాబు ఎప్పుడని అడిగితే డబ్బు చేతికొచ్చాక. నా తోడికోడలు నాతో మాట్లాడటం మానేసింది, రోజూ వచ్చి తీసుకెళ్లే పెరుగు తోడు కూడా ఇంకెవరింటి నుంచో తెచ్చుకుంది. మా ఆయన ఇద్దరి మధ్యా నలిగి, పొలంలోనే ఎక్కువసేపు ఉండసాగారు. రచ్చబండ దగ్గర ఇప్పుడు తీర్పు మారింది. బస్సు పోవడానికి కారణం మా ఇల్లేనట.

విషయం తేల్చింది మా అత్తగారు. ఆవిడకు డెబ్బై ఆరేళ్లు. నెలకోసారి బీపీ మాత్రలకు సర్జాపురం వెళ్లాలి. మధ్యాహ్నం ట్రిప్పు పోయాక మా అబ్బాయి బండి వెనక కూర్చుని వెళ్తోంది, నడుము పట్టేస్తోంది. ఒక సాయంత్రం కర్ర పట్టుకుని కట్ట దగ్గరకు వెళ్లి, కంకర కుప్ప మీదే కూర్చుంది. కొడుకు వచ్చి లేవమన్నాడు. "బస్సు వచ్చేదాకా ఇక్కడే కూర్చుంటానురా. నీ కంకర మీదే కదా కూర్చుంది, పరాయిది కాదు" అంది. చీకటి పడింది. కోడళ్లం ఇద్దరం పిలిచాం, రాలేదు. ఆ రాత్రి పది గంటలకు ట్రాక్టరు వచ్చింది. మా ఆయన, మా మరిది, ఇంకో నలుగురు కుర్రాళ్లు కంకర ఎత్తి మా పెరట్లో పోశారు. నా కనకాంబరాల మడి దాని కింద పోయింది. ఆ సంగతి నేను ఎత్తలేదు.

కార్లవాళ్లు ఆ తర్వాత వారంలో వాళ్లంతట వాళ్లే కార్లు జరుపుకున్నారు. రావిచెట్టు కొమ్మ ఒకటి బస్సు పైకప్పుకు తగిలేలా ఉంది. కింద నాగప్రతిమలు ఉన్నాయి కాబట్టి కొమ్మ ముట్టుకోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు. పూజారి కొబ్బరికాయ కొట్టి, చెట్టుకు చెప్పుకున్నాక నరికారు.

ఉత్తర్వు కార్తీకంలో వచ్చింది. పొద్దున 7.10, సాయంత్రం మార్కెట్ నుంచి వచ్చేది, ఈ రెండూ ఊళ్లోకి వస్తాయి. మూడు నెలలు ప్రయోగాత్మకంగా. మధ్యాహ్నం ట్రిప్పు లేదు. నైట్ హాల్టు లేదు, ఉండదు కూడా. పూలవాళ్ల పెద్దావిడ నాతోపాటు అన్ని కార్యాలయాలూ తిరిగింది, అన్ని చోట్లా గంటలు గంటలు నిలబడింది. ఆవిడ ఇప్పటికీ టాటా ఏస్‌లోనే వెళ్తోంది. ఎదురుపడినప్పుడు, "నీ బస్సు వచ్చిందిలే" అంటుంది. ఎత్తిపొడుపు కాదు, కానీ నాకు అలాగే వినబడుతుంది. తెల్లవారుజామున గేటు నుంచైనా ఒక బస్సు కావాలని ఆవిడ పేరు మీద ఇంకో అర్జీ రాసి ఇచ్చాను. దానికి జవాబు రాలేదు.

మొదటి రోజు 7.10 బస్సు 7.31కి వచ్చింది. కొత్త డ్రైవరు. కట్ట చుట్టూ ఒక్క తిప్పులో తిరగలేదు. ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి, మళ్లీ ముందుకు. కుర్రాళ్లు నాలుగు వైపులా నిలబడి చేతులు ఊపారు. ఎక్కాక నేను గార్మెంట్స్ వాళ్లకు గట్టిగా చెప్పాను, గేటు రాకముందే అందరూ కార్డులు చేతిలో పట్టుకోవాలని. కండక్టరు అలవాటు కొద్దీ, "గేటు దాకానే కదా" అన్నాడు. బస్సంతా ఒక్కసారి, "కొట్టు, కొట్టు" అని అరిచింది. పాపం, జడుసుకున్నాడు. ఇప్పుడు బస్సు కదలకముందే కట్ట దగ్గర నిలబెట్టి కొట్టేస్తున్నాడు. మూడు నాలుగు నిమిషాలు ఆలస్యమవుతోంది, పిల్లలు గొణుగుతున్నారు.

నేను ఎర్ర అట్ట పుస్తకం ఆపలేదు. వాళ్ల మూడు నెలలు అయ్యాక మా లెక్క కూడా ఉండాలి కదా. నిన్న పొద్దున గీతలు పెడుతుంటే ముందు తలుపు దగ్గర మా అత్తగారు కనిపించింది. చేతిలో కర్ర, ఇంకో చేతిలో ఆధార్ కార్డు, కొంగుకు కట్టిన తాళంచెవులు.

"ఎక్కడికి అత్తా, మాత్రలు మొన్ననే తెచ్చాం కదా?" అన్నాను.

"గేటు దాకా" అంది.

"గేటు దగ్గర ఏం పని?"

"ఏమీ లేదు. సాయంత్రం దాకా టీ బంకు దగ్గర కూర్చుని ఆ బస్సులోనే వస్తాను. రెండు టికెట్లు అవుతాయి." కండక్టరు ఇచ్చిన కాగితం ముక్కను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసి, మడిచి, తాళంచెవుల పక్కన కొంగులో ముడి వేసుకుంది. "గీత పెట్టు" అంది.

ముసలివాళ్లూ రోగులూ అన్న గడిలో పెట్టబోతే, చెయ్యి అడ్డం పెట్టి టికెట్ కొనేవాళ్ల గడి చూపించింది.